బైబిల్‌ను చించేసిన పంజాబీ కుర్రాడు.. హైదరాబాద్‌లో వేల మందిని ఒకే బంతిలో ఎలా కూర్చోబెట్టాడు? భక్తసింగ్ జీవిత కథ

హైదరాబాద్: తార్నాక నుంచి ఓయూ క్యాంపస్ మీదుగా విద్యానగర్, నల్లకుంట దాటి బర్కత్‌పుర వైపు రోజూ వేల మంది ప్రయాణిస్తుంటారు. ఇంకాస్త ముందుకెళ్తే నారాయణగూడ వస్తుంది. అక్కడి క్రైస్తవ శ్మశానవాటికలో 2000 సెప్టెంబర్ 22న ఒక పెద్దాయన్ని ఖననం చేశారు. ఆయన హైదరాబాద్‌లో పుట్టలేదు. తెలుగు ఆయన మాతృభాష కాదు. క్రైస్తవ కుటుంబం కూడా కాదు. అయినా ఆ రోజు ఆయన్ని చివరిసారి చూడ్డానికి తెలుగు ఊళ్ల నుంచి జనం పోటెత్తారు.

ఆయన పేరు భక్తసింగ్. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పెద్దవాళ్లని అడిగితే బ్రదర్ భక్తసింగ్ గారు అంటూ ఏదో ఒక జ్ఞాపకం చెబుతారు. ఈ తరం వాళ్లకి మాత్రం ఆ పేరు అంతగా తెలీదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటాక ముషీరాబాద్ దగ్గర గోల్కొండ చౌరస్తా ఉంది. పేరులో గోల్కొండ ఉన్నా కోటకీ దీనికీ సంబంధం లేదు. అక్కడున్న హెబ్రోను ప్రాంగణం ఆయన మొదలుపెట్టిందే.

ఇంతకీ ఎవరీ భక్తసింగ్? పంజాబ్‌లో పుట్టి, లండన్‌లో ఇంజినీరింగ్ చదివి, కెనడాలో మనసు మార్చుకుని, చివరికి మన నల్లకుంటకి కూతవేటు దూరంలో ఎందుకు స్థిరపడ్డారు? ఒక మనిషి లోపల జరిగిన మార్పు బయటి ప్రపంచాన్ని నిజంగా మారుస్తుందా? ఆయన కథ వింటే దీనికి కొంత జవాబు దొరుకుతుంది.

అట్ట ఉంచుకుని.. లోపలి కాగితాలు చించేసి

భక్తసింగ్ ఛాబ్రా 1903 జూన్ 6న పంజాబ్‌లోని సర్గోదా జిల్లా జోయియా అనే ఊళ్లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. కలిగిన కుటుంబం. సిక్కు సంప్రదాయంలో పెరిగారు. గురుద్వారాలో గంటల తరబడి గడిపేవారు.

చదువు మాత్రం క్రైస్తవ మిషన్ స్కూల్లో సాగింది. ఆ రోజుల్లో మంచి ఇంగ్లిష్ చదువు కావాలంటే చాలామందికి అదే దారి. హాస్టల్లో ఏడేళ్లు ఉన్నా క్రైస్తవం అంటే ఆయనకి ఇష్టం కలగలేదు సరికదా, విపరీతమైన కోపం పెరిగింది. క్రైస్తవ విద్యార్థుల్ని, పాస్టర్లని ఎగతాళి చేసేవారు.

ఇంటర్మీడియట్ పాసయ్యాక ఆయనకి ఒక బైబిల్ బహుమతిగా వచ్చింది. తోలు అట్ట చాలా అందంగా ఉంది. అట్టని ఉంచుకున్నారు. లోపలి కాగితాలు చించి పారేశారు. తర్వాత్తర్వాత ఆయన తన సాక్ష్యం చెప్పే ప్రతిసారీ ఈ సంగతి దాచకుండా చెప్పేవారు.

లాహోర్‌లో డిగ్రీ చదువు అయ్యాక ఆయన మనసు ఇంగ్లండ్ మీద పడింది. మెకానికల్ ఇంజినీరింగ్ చదవాలని కోరిక. తండ్రికి అది నచ్చలేదు. కొడుకు ఇంటి పట్టునే ఉండి వ్యాపారం చూసుకోవాలని ఆయన ఆశ. అప్పుడు భక్తసింగ్ అమ్మ దగ్గరికి వెళ్లారు. ఆమె భయం వేరే. అంత దూరం వెళ్తే కొడుకు మతం మారిపోతాడేమోనని. అలాంటిదేమీ జరగదని ఆయన అమ్మకి మాటిచ్చారు. ఆమె నమ్మింది. భర్తని ఒప్పించింది.

1926లో భక్తసింగ్ ఓడెక్కారు. అప్పటికి ఆయన వయసు 23. ఈ మాటని గుర్తుపెట్టుకోండి. కథలో ఇది మళ్లీ వస్తుంది.

లండన్‌లో కొత్త వేషం

లండన్‌లోని కింగ్స్ కాలేజీలో చేరారు. కొద్ది రోజుల్లోనే మనిషి మారిపోయారు. జుట్టు కత్తిరించారు. గడ్డం తీసేశారు. సిగరెట్, మందు, నాటకాలు, ఖరీదైన సూట్లు.. అన్నీ వచ్చి చేరాయి. సొంత మతం మీద పట్టు సడలింది కానీ ఇంకో మతం వైపు కూడా చూడలేదు.

పైకి చూస్తే ఇది కూడా మార్పే. ఊరి కుర్రాడు పట్నం బాబు అయ్యాడు. కానీ లోపల సంతోషం లేదని, తెల్లవాళ్ల మధ్య తాను తక్కువవాడినన్న భావం వెంటాడేదని ఆయన తర్వాత చెప్పుకున్నారు. బ్రిటిష్ పాలనలో ఉన్న దేశం నుంచి పాలకుల దేశానికి వెళ్లిన విద్యార్థి పరిస్థితి అది. బట్టలు మార్చినంత తేలిగ్గా ఆ భావం పోలేదు.

ఓడలో మోకరించిన రోజు

1928 వేసవి సెలవుల్లో విద్యార్థుల బృందంతో కలిసి ఆయన కెనడా బయల్దేరారు. ఓడలో ఆదివారం లాంటి రోజుల్లో ఫస్ట్ క్లాస్ డైనింగ్ హాల్లో ప్రార్థన జరిగేది. ఆగస్టులో అలాంటి ఒక ప్రార్థనకి భక్తసింగ్ కూడా వెళ్లారు. భక్తితో కాదు, ఊరికే. పాటలు, ప్రసంగం నడుస్తుంటే కునికిపాట్లు పడ్డారు.

ప్రసంగం అయిపోయింది. అందరూ మోకరించారు. ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. లేచి వెళ్లిపోదామంటే అటూ ఇటూ మోకాళ్ల మీద ఉన్నవాళ్లు అడ్డం. వాళ్లని తొక్కుకుంటూ వెళ్లడం మర్యాద కాదనిపించింది. ఇన్ని మసీదులు, గుళ్లు చూసినప్పుడు చెప్పులు విప్పి మర్యాద పాటించాను కదా, ఇక్కడ ఎందుకు పాటించకూడదని లోలోపల తర్జనభర్జన. నా దేశం, నా మతం, నా చదువు.. ఇవన్నీ ఉండగా నేను మోకరించడమేంటని ఒక పక్క గర్వం. చివరికి మోకరించారు.

ఆ క్షణంలో తనలో ఏదో శక్తి ప్రవేశించినట్టు, గొప్ప ఆనందం కలిగినట్టు అనిపించిందని, తెలియకుండానే యేసు పేరు పలికానని ఆయన చెప్పేవారు. విశ్వాసులు దీన్ని దేవుని పని అంటారు. నమ్మనివాళ్లు మనసు చేసే పని అనుకోవచ్చు. కానీ ఆ తర్వాత ఆయన గమనించిన మొదటి మార్పు ఆసక్తికరంగా ఉంటుంది. ఆకాశంలో దర్శనాలేవీ కనిపించలేదు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, గోధుమ రంగువాళ్లు అన్న తేడా మనసులోంచి పోయింది. తాను తక్కువ అన్న భావం పోయింది. ఎదుటివాడు తక్కువ అన్న భావమూ పోయింది.

ఇక్కడ ఒక చిన్న విషయం. ఆయన అప్పటికి బైబిల్ చదవలేదు. బాప్తిస్మం తీసుకోలేదు. క్రైస్తవుడినని చెప్పుకోనూ లేదు. లండన్ తిరిగొచ్చి చదువు కొనసాగించారు. మనిషి మాత్రం మునుపటిలా లేడు.

విన్నిపెగ్ చలిలో ఒక చిన్న పుస్తకం

1929లో ఆయన మళ్లీ కెనడా వెళ్లారు. ఈసారి విన్నిపెగ్‌లో వ్యవసాయ ఇంజినీరింగ్ చదువు కోసం. డిసెంబర్ నెల. బయట గడ్డకట్టే చలి. ఒక స్నేహితుడిని బైబిల్ ఉందా అని అడిగారు. ఒకప్పుడు బైబిల్ చించిన మనిషే ఇలా అడిగారు. ఆ స్నేహితుడి దగ్గర జేబులో పట్టే చిన్న కొత్త నిబంధన ఉంది. అది ఇచ్చారు.

ఆ రాత్రంతా చదివారు. మర్నాడూ చదివారు. యోహాను సువార్త 3వ అధ్యాయం దగ్గర ఆగిపోయారు. మనిషి కొత్తగా పుట్టాలన్నది ఆ అధ్యాయం సారాంశం. అది చదువుతుంటే గుండె గట్టిగా కొట్టుకుందని, ఒకప్పుడు చించిన పుస్తకం గుర్తొచ్చిందని, క్షమించమని ఏడ్చానని ఆయన చెప్పుకున్నారు.

తెలుగు బైబిల్లో దీనికి ఒక మాట ఉంది. మారుమనస్సు. మతం మారడం వేరు, మనసు మారడం వేరు అన్న తేడా ఆ ఒక్క మాటలోనే ఉంది. చర్చికి వెళ్లినంత మాత్రాన, పేరు మార్చుకున్నంత మాత్రాన మారుమనస్సు రాదు. భక్తసింగ్ జీవితాంతం చెప్పిన బోధ సారాంశం ఇదే. గమ్మత్తేమిటంటే ఆయన తన పేరు కూడా మార్చుకోలేదు. చివరిదాకా భక్తసింగ్ గానే ఉన్నారు.

జాన్ హేవర్డ్, ఈడిత్ హేవర్డ్ దంపతులు ఆయన్ని తమ ఇంట్లో పెట్టుకుని సొంత మనిషిలా చూసుకున్నారు. ఒక తెల్లజాతి కుటుంబం, బ్రిటిష్ పాలనలోని దేశం నుంచి వచ్చిన కుర్రాడు.. ఒకే బల్ల దగ్గర భోజనం. ఆ బల్ల ఆయన మీద చాలా ప్రభావం చూపించింది. 1932 ఫిబ్రవరి 4న వాంకూవర్‌లో ఆయన బాప్తిస్మం తీసుకున్నారు.

నాలుగు షరతులు

అప్పటిదాకా ఇంజినీర్ అయి, తన సంపాదనతో సువార్త సేవకి సాయం చేద్దామన్నది ప్లాన్. అదే ఏడాది ఆ ఆలోచన మార్చుకున్నారు. డబ్బు ఇవ్వడం కాదు, తన్ను తానే ఇచ్చుకోవాలని నిర్ణయించుకున్నారు. దానికి కొన్ని షరతులు తనకి తానే పెట్టుకున్నారు.

ఒకటి, పంజాబ్‌లోని కుటుంబ ఆస్తిలో వాటా అడగకూడదు. రెండు, ఏ ఒక్క మిషన్‌కో డినామినేషన్‌కో చెందకుండా అందరికీ సేవ చేయాలి. మూడు, తన అవసరాలు ఏ మనిషికీ చెప్పకూడదు, చందా అడగకూడదు. నాలుగు, సొంత ప్లాన్లు వేసుకోకుండా దేవుడు ఎటు నడిపిస్తే అటు వెళ్లాలి.

చెప్పడానికి ఇవి చాలా సింపుల్‌గా ఉన్నాయి. కానీ తర్వాతి దాదాపు 70 ఏళ్ల ఆయన జీవితం మొత్తం వీటి మీదే నడిచింది.

బొంబాయిలో.. అమ్మానాన్న ముందు

1933 ఏప్రిల్ 6న భక్తసింగ్ బొంబాయి చేరుకున్నారు. ఏడేళ్ల తర్వాత కొడుకుని చూడ్డానికి తల్లిదండ్రులు పంజాబ్ నుంచి అంత దూరం వచ్చారు. విషయం వాళ్లకి అప్పటికే ఉత్తరాల ద్వారా తెలుసు.

వాళ్లు గొడవ పెట్టుకోలేదు. ఒక్కటే అడిగారు. నువ్వు ఏది నమ్మినా నమ్ము, కానీ ఎవరికీ చెప్పకు, కుటుంబం పరువు పోతుంది, ఇంటికి వచ్చెయ్. ఇదీ వాళ్ల మాటల సారాంశం. ఆయన కుదరదన్నారు. లోపల జరిగిన మార్పుని దాచిపెట్టి బతకలేనన్నారు. అయితే ఇంటికి రావద్దని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు.

అమ్మకిచ్చిన మాట అక్కడ తెగిపోయింది. భక్తసింగ్ గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు చాలామంది ఈ భాగాన్ని త్వరగా దాటేస్తారు. కానీ దాటేయాల్సిన విషయం కాదిది. ఆ తల్లి కొడుకుని నమ్మి, భర్తతో వాదించి ఓడెక్కించింది. ఆమె భయపడిందే జరిగింది. మనసు మారడం అంటే ఎప్పుడూ ఆనందమే కాదు, దానికి ఒక ధర ఉంటుంది. ఆ ధరలో కొంత ఇంట్లోవాళ్లు కూడా కడతారు. అది ఆ రోజు బొంబాయిలో కనిపించింది.

చేతిలో పెద్దగా డబ్బు లేదు. తల దాచుకోవడానికి ఇల్లు లేదు. 30 ఏళ్లు ఇంకా నిండని ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు బొంబాయి వీధుల్లో నిలబడి సువార్త చెప్పడం మొదలుపెట్టాడు.

వీధుల నుంచి పందిళ్లకి

తర్వాతి కొన్నేళ్లు కరాచీ, సింధ్, పంజాబ్ ప్రాంతాల్లో తిరిగారు. 1937లో పంజాబ్‌లోని మార్టిన్‌పూర్ అనే క్రైస్తవ గ్రామంలో ఆయన బోధ పెద్ద కదలిక తెచ్చింది. అక్కడ వాళ్లంతా పేరుకి క్రైస్తవులే. కానీ పాత పగలు, తగాదాలు మామూలే. ఆ కూడికల్లో జనం తప్పులు ఒప్పుకోవడం, ఒకరినొకరు క్షమించుకోవడం మొదలైంది. మనసు మారితే ముందు మారేది పక్కింటివాళ్లతో సంబంధమేనని అక్కడ కనిపించింది.

ఆ కబురు దక్షిణాదికి చేరింది. 1938లో ఆయన మద్రాస్ వచ్చారు. ఇక్కడ కూడా జనం విరగబడ్డారు. కానీ సమస్య ఇక్కడే మొదలైంది. అప్పటికే ఉన్న చర్చిలు కొన్నాళ్లు ఆయన్ని పిలిచాయి. తర్వాత కొన్ని తలుపులు మూసుకున్నాయి. బిరుదు లేదు, ఆర్డినేషన్ లేదు, ఏ మిషన్‌కీ చెందడు, పైగా చర్చిల పద్ధతుల్ని ప్రశ్నిస్తాడు. అలాంటి మనిషిని ఎక్కడ నిలబెట్టాలో వాళ్లకీ అర్థం కాలేదు.

1941లో ఆయన, కొంతమంది సహచరులు మద్రాస్ శివార్లలోని పల్లవరం కొండ ఎక్కి రాత్రంతా ప్రార్థనలో గడిపారు. ఆ తర్వాత జులైలో మద్రాస్‌లో యెహోవా షమ్మా పేరుతో సొంత సంఘం మొదలైంది. అదే ఏడాది డిసెంబర్‌లో మొదటి పరిశుద్ధ సమావేశాలు జరిగాయి. పందిళ్లు వేసి, రోజుల తరబడి అక్కడే ఉండి, వాక్యం వింటూ, కలిసి భోంచేస్తూ సాగే కూడికలు అవి.

తెలుగు నేల మీద అప్పటి పరిస్థితి ఏంటి?

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. తెలుగు నేలకి ప్రొటెస్టెంట్ మిషన్లు వచ్చి అప్పటికే వందేళ్లు దాటింది. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గుంటూరులో లూథరన్లు, నెల్లూరు, ఒంగోలులో బాప్టిస్టులు, మచిలీపట్నంలో ఆంగ్లికన్లు, మెదక్‌లో మెథడిస్టులు.. ఇలా ఒక్కో ప్రాంతంలో ఒక్కో మిషన్.

ఈ మిషన్లు స్కూళ్లు, ఆస్పత్రులు కట్టాయి. ఊరి బయట బతుకుతున్న మాల, మాదిగ కుటుంబాలకి అక్షరం చేరింది. తమిళనాడు నుంచి వచ్చి డోర్నకల్‌లో స్థిరపడ్డ వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో ఆంగ్లికన్ చర్చికి మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945లో చనిపోయేదాకా పల్లెల్లోనే పనిచేశారు. ఇదంతా చిన్న విషయం కాదు.

కానీ రెండు చిక్కులు మిగిలే ఉన్నాయి. మొదటిది, చాలా చోట్ల డబ్బు, అధికారం విదేశీ బోర్డుల చేతిలో ఉండేవి. రెండోది కులం. ఊళ్లో ఉన్న గీతలు చాలాసార్లు చర్చి లోపలికీ వచ్చేశాయి. బాప్తిస్మం అయ్యింది, పేరు మారింది. కానీ కలిసి కూర్చుని తినే విషయం వచ్చేసరికి పాత లెక్కలే.

1950.. హెబ్రోను

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్‌తో నిజాం పాలన ముగిసింది. తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా నడుస్తూనే ఉంది. అలాంటి రోజుల్లో, 1950లో భక్తసింగ్ హైదరాబాద్‌లో హెబ్రోను ప్రారంభించారు. ఆయన పుట్టిన ఊరు అప్పటికే సరిహద్దుకి అవతల ఉంది. అడగనని ఒట్టు పెట్టుకున్న ఆస్తి దేశం బయటే ఉండిపోయింది. ఇక హైదరాబాదే ఆయన ఊరు అయ్యింది.

ఇంగ్లిష్‌లో ఆయన ఒక్కో వాక్యం చెబుతుంటే పక్కన నిలబడ్డవాళ్లు తెలుగులోకి మార్చి చెప్పేవారు. తెల్లటి దేశీ దుస్తులు, తెల్లజుట్టు, చేతిలో బైబిల్. బైబిల్‌ని మోకాళ్ల మీద ఉండి చదవడం ఆయన అలవాటు. ఓడలో గర్వం అడ్డొచ్చి వంగనన్న మోకాళ్లే ఇవి.

హెబ్రోనులో అడుగుపెడితే కుర్చీలు, బెంచీలు ఉండేవి కావు. చెప్పులు బయట వదలాలి. నేల మీద చాపలు. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు తలపై కొంగు కప్పుకుని ఇంకో వైపు. మన ఇళ్లల్లో, మన గుళ్లల్లో ఎలా ఉంటుందో అలాగే. దేవుణ్ణి కొలవడానికి పాశ్చాత్య పద్ధతి అవసరం లేదన్నది ఆయన అభిప్రాయం. పాటలు కూడా మన బాణీల్లోనే. ఆ సంఘాల పాటల పుస్తకం సీయోను గీతాలు పేరు చాలామందికి తెలిసిందే.

చాప మీద కూర్చోవడంలో ఇంకో సంగతి ఉంది. చాప మీద ముందు కుర్చీ, వెనక కుర్చీ ఉండదు. ఆఫీసర్ అయినా, కూలి అయినా మోకాలు మోకాలు తగిలేలా కూర్చోవాల్సిందే.

ఒకే బంతి.. ఒకే అన్నం

అసలు మార్పు భోజనాల దగ్గర కనిపించేది. ఆరాధన అయ్యాక ప్రేమ విందు ఉండేది. అందరూ వరసగా కింద కూర్చోవాలి. అదే అన్నం, అదే కూర. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసే పనిలేదు. ఎవరు వండారని అడిగే పనిలేదు.

ఇప్పుడు చూస్తే ఇదేముంది అనిపించొచ్చు. ఫంక్షన్ హాల్లో బఫేలో అందరం తింటాం కదా అనుకోవచ్చు. కానీ 1950ల తెలుగు ఊరిని ఒకసారి ఊహించుకోండి. అంటరానితనాన్ని రాజ్యాంగం రద్దు చేసింది 1950లోనే. కాగితం మీద రద్దయినంత మాత్రాన బావి దగ్గర, హోటల్ దగ్గర పోలేదు. వేరే గ్లాసు, వేరే వరస అలాగే ఉన్నాయి. అలాంటి టైంలో ఊరి నడిబొడ్డు వాళ్లు, ఊరి చివర వాళ్లు పక్కపక్కన కూర్చుని ఒకే వంట తినడం అంటే మాటలు కాదు. ఉపన్యాసంతో కాని పని ఆ బంతిలో జరిగింది.

ఏటా జరిగే పరిశుద్ధ సమావేశాలకి వేల మంది వచ్చేవారు. పందిళ్లలోనే పడక, అక్కడే వంట. చదువుకున్నవాళ్లు, లేనివాళ్లు అన్న తేడా లేకుండా కూరగాయలు తరగడం, వడ్డించడం, గిన్నెలు కడగడం పంచుకునేవారు. వాక్యాలు రాసిన బ్యానర్లు పట్టుకుని పాటలు పాడుకుంటూ హైదరాబాద్ వీధుల్లో ఊరేగింపుగా వెళ్లేవారు.

ఇందులో ఎవరికీ టికెట్ లేదు. భోజనానికి డబ్బు అడగరు. చందాల కోసం ప్రకటనలు ఇవ్వరు. అవసరం ఏముందో దేవుడికి చెప్పుకోవాలి, మనుషులకి కాదు అన్న పాత షరతు ఇక్కడ కూడా నడిచింది. సంఘ సేవకులకి నెల జీతం ఒప్పందాలు ఉండేవి కావు. విదేశీ బోర్డు మీద ఆధారపడకుండా మన ప్రజలే తమ సంఘాన్ని నడుపుకోవచ్చని ఆ పద్ధతి చూపించింది. రెవరెండ్, బిషప్ లాంటి బిరుదులూ లేవు. అందరూ బ్రదర్, సిస్టర్. ఆయన కూడా బ్రదరే.

విమర్శలు లేవా?

ఉన్నాయి. వేరే చర్చిల సభ్యుల్ని తనవైపు లాక్కున్నారన్నది పాత సంఘాల ఫిర్యాదు. మిషన్ల లాగా స్కూళ్లు, ఆస్పత్రులు కట్టడం మీద ఆయన దృష్టి పెట్టలేదు. చట్టాల గురించి, భూమి గురించి, రాజకీయాల గురించి ఉద్యమాలు నడపలేదు. లోపలి మనిషి మారితే మిగతావి వాటంతటవే వస్తాయన్న నమ్మకంతో ఉన్నారు. అది సరిపోతుందా అన్న ప్రశ్న సబబైనదే.

సరిపోలేదని చెప్పడానికి ఆధారాలు మన కళ్ల ముందే ఉన్నాయి. కులం తెలుగు క్రైస్తవుల్లో ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పెళ్లి సంబంధాల దగ్గర అది బయటపడుతుంది. కలిసి తిన్నవాళ్లంతా కలిసి వియ్యమందలేదు.

అయితే ఇంకో వైపు కూడా చూడాలి. చట్టం మారి మనసు మారకపోతే ఏమవుతుందో కూడా ఈ 75 ఏళ్లలో మనం చూశాం. డోర్నకల్‌లో అజరయ్య స్కూళ్లతో, పల్లె సంఘాలతో చేసిన పని ఒక దారి. గోల్కొండ చౌరస్తాలో భక్తసింగ్ చాపతో, అన్నంతో చేసింది ఇంకో దారి. రెండింట్లోనూ మొదటి అడుగు మనిషి లోపలే పడింది.

చివరి రోజులు

హెబ్రోను నుంచి ఆయన దేశమంతా తిరిగారు. విదేశాలకీ వెళ్లారు. దేశంలో, బయటా ఇదే పద్ధతిలో నడిచే సంఘాలు చాలా మొదలయ్యాయి. ఆయన మాత్రం చివరిదాకా సొంత ఇల్లు కట్టుకోలేదు. హెబ్రోనులోనే ఉండిపోయారు.

చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ వ్యాధి వచ్చింది. గంటల తరబడి మాట్లాడిన గొంతు మెల్లగా మూగబోయింది. నడక ఆగిపోయింది. ఎవరి సాయం అడగకుండా బతకాలనుకున్న మనిషికి చివర్లో అన్నిటికీ ఇంకొకరి చేయి కావాల్సి వచ్చింది. పంజాబ్‌లో కన్నవాళ్లని వదులుకున్న ఆయనకి హైదరాబాద్‌లో తెలుగువాళ్లు ఏళ్ల తరబడి సేవ చేశారు. కన్న కుటుంబం చేయాల్సిన పని సంఘం చేసింది.

2000 సెప్టెంబర్ 17న, 97 ఏళ్ల వయసులో భక్తసింగ్ హెబ్రోనులో కన్నుమూశారు. కడసారి చూపు కోసం ఐదు రోజుల పాటు జనం వస్తూనే ఉన్నారు. బస్సులు, రైళ్లు పట్టుకుని పల్లెల నుంచి వచ్చారు. సెప్టెంబర్ 22న నారాయణగూడలో అంత్యక్రియలు జరిగాయి.

ఓడలో ఆ రోజు ఆయన మోకరించకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. లేచి వెళ్లిపోయి ఉంటే మంచి ఇంజినీర్ అయ్యేవారు, అమ్మకిచ్చిన మాట నిలబడేది. ఆయన మోకరించారు. దాని ఫలితం మొదట ఒక కుటుంబాన్ని విడదీసింది. తర్వాత ఎన్నో కుటుంబాల్ని ఒక చాప మీదకి తెచ్చింది. రెండూ నిజమే.

ఈసారి నల్లకుంట నుంచి నారాయణగూడ వైపు వెళ్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ శ్మశానవాటిక వైపు ఒకసారి చూడండి. మనుషుల్ని ఒకే బంతిలో కూర్చోబెట్టడానికి ముందు తన మోకాళ్లు వంచాల్సి వచ్చిన ఒక పంజాబీ అక్కడున్నారు.